మూడో కాలు

జనవరి. తఫీ వియేహోలో మధ్యాహ్నం రెండు.
కుక్కలు కూడా లేచి నీడ మార్చుకోని వేళ.
జులేమా అత్త సైకిలు గోడకి ఆనించి
పలకరింపైనా లేకుండా
నా బల్ల కింద దూరింది.

రైలు వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్ళు
తీగలతో కాపురం చేసిన మనిషి.
ముందు చూడలేదు, ముట్టుకుంది.
అరచేత్తో కాదు. చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపుతో,
పసివాడికి జ్వరం చూసినట్టు.
"దీనికి ఒళ్ళు కాలిపోతోంది" అంది.

మా దేశంలో ఎక్స్‌టెన్షన్ బోర్డుని బూటు అంటాం.
చిల్లుల వరస చూసి పెట్టిన పేరు కాబోలు.
నా బల్ల కింద బూటుకి బూటు, దానికింకో బూటు:
కంప్యూటరు, తెర, రౌటరు, ఫోను చార్జరు, ఫ్యాను,
చివర్న మాతేకి నీళ్ళు కాచే కెటిల్.
మిగిలిన తీగంతా చుట్టచుట్టి, రబ్బరుబ్యాండు వేసి,
మంచం కిందకి తోశాను.
శుభ్రంగా సర్దాననే అనుకున్నాను.

"బోర్డు వెనకాల ఏం రాసుందో చదువు."
పది ఆంపియర్లు.
"కెటిల్ ఒక్కటే తొమ్మిది తాగుతుంది.
ఒక్క రొట్టె ఉంచుకుని ఊరందర్నీ భోజనానికి పిలిచావు."

రబ్బరుబ్యాండు కరిగి తీగకి జిగురై అంటుకుంది.
గోటితో గీరి చూపించింది. ఏమీ అనలేదు.
అంటేనే బాగుండేది.

తర్వాత ప్లగ్గు లాగింది.
రెండు వాలు కాళ్ళు. మూడోది ఉండాల్సిన చోట
పన్ను ఊడిన చిగురు.

నేనే కోశాను, ఆగస్టులో, పట్టకారుతో.
గోడలో సాకెట్టుకి రెండే బెజ్జాలు. ఆదివారం, షాపులు లేవు.
సోమవారం పొద్దున్నకి ఫైలు పంపాలి.
కోర్టు రికార్డింగులు విని టైపు చెయ్యడం నా పని:
నేనక్కడ లేను. నాకు గుర్తు లేదు. నేను చూడలేదు.
ఆ రోజు నుంచీ కంప్యూటరు డబ్బా తగిలితే
వేళ్ళ మీద చీమలు పాకేవి.
తేమ అనుకున్నాను.

"పక్క గోడలో మూడు బెజ్జాలది ఉంది కదత్తా,
కొత్తది, పోయినేడే వేశారు."
అత్త మెయిన్ ఆపి, రెండు స్క్రూలు విప్పింది.
మూడో బెజ్జం వెనక తీగే లేదు.
కాస్త సున్నం, ఎండిపోయిన సాలెగూడు.
"దొంగసాక్షి" అంది.

ఎర్తు కడ్డీని ఇక్కడ ఈటె అంటారు.
సైకిలుకి కట్టుకుని తెచ్చిన ఈటెని
పెరట్లో నిమ్మచెట్టు పక్కన నిలబెట్టింది.
నిన్నటి వానకి నేల మెత్తబడింది.
మొదటి దెబ్బకే జానెడు దిగింది.
పదో దెబ్బకి పక్కింటి ఎలెయుతేరియో గోడ మీంచి తల పెట్టి,
"నిద్రవేళ ఎవర్ని పాతిపెడుతున్నారు?"
"కరెంటుని" అంది అత్త, సుత్తి ఆపకుండా.

ఆకుపచ్చా పసుపూ చారల తీగ
పెరట్నించి కిటికీ అంచు వెంట గోడలోకి నడిచింది.
"ఇదేం చేస్తుంది?" అన్నాను.
"ఏమీ చెయ్యదు.
నీ జాతకం బాగుంటే నువ్వు పోయేదాకా ఏమీ చెయ్యదు."

ఆఖరికి, మెయిన్ వేసి,
తలుపు పక్కన కొత్తగా బిగించిన డబ్బా మీద మీట నొక్కమంది,
ఇక నెలకోసారి నొక్కాలట.
అప్పటికే తెర వెలిగించి పనిలో పడ్డాను, అలాగే లేచి నొక్కాను.
టక్.
ఫ్యాను నెమ్మదించింది. తెర నల్లబడింది.
"పని చేస్తోంది" అని, కాసేపాగి,
"సేవ్ చేశావా?"

డబ్బు తీసుకోలేదు. కోసిన మూడో కాలు ఎక్కడుందని అడిగింది.
సొరుగులో, బొత్తాల మధ్య.
జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

రాత్రి అదే సాక్షిని మళ్ళీ విన్నాను: నేనక్కడ లేను.
మధ్యలో ఆగి
కంప్యూటరు డబ్బాని వేళ్ళ వెనకవైపుతో తాకాను.
చల్లటి రేకు.
అప్పుడు అరచెయ్యి ఆనించాను.

కెటిల్ వంటింట్లో ఉంది, దాని గోడ దానికి.
ఇక్కణ్ణించి పద్నాలుగు అడుగులు.
నడుస్తున్నాను.